పూజలో పెట్టిన స్క్రూడ్రైవర్

మా పనిలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట "ఏం చెయ్యలే". కంప్యూటర్ ఆగిపోతుంది. ముందు కూర్చున్న మనిషిని ఏం చేశారని అడుగుతాను. "ఏం చెయ్యలే మేడం, దానంతటదే ఆగింది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరూ ఏమీ చేయకుండా ఏదీ ఆగదని నా నమ్మకం. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని సెక్షన్లో అందరికీ తెలుసు. ఇంట్లో పాలు పొంగినా ముందు స్టవ్ ఆపను, ఎవరు పెట్టారని విచారణ మొదలుపెడతానని మా ఆయన వేళాకోళం చేస్తాడు.

నా ఉద్యోగం విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో. క్యాంపస్ పిల్లల మార్కులన్నీ ఉండే పెద్ద కంప్యూటర్ ఒకటి ఉంది, దాన్ని సర్వర్ అంటాం. అందులో ఆ మార్కులను పద్ధతిగా పేర్చుకుని, అడిగిన వెంటనే తీసి ఇచ్చేది డేటాబేస్. డేటాబేస్ బాగోగులు నావి. సర్వర్ డబ్బా, దాని లోపలి సామాను చూసుకునేది ఇంకొకాయన. నాకంటే కాస్త పెద్దవాడు, నెమ్మదస్తుడు. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచే వస్తాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఆయన్ని నేను అన్నా అంటాను, ఆయన నన్ను మేడం అంటాడు. మా ఇద్దరికీ గొడవ ఎప్పుడూ ఒక్కదాని మీదే: యంత్రం ఆగితే తప్పు డబ్బాదా, డేటాబేస్‌దా అని.

దసరా సెలవులకు ముందు, ఆఖరి పనిరోజున మా సెక్షన్లో ఆయుధపూజ చేస్తారు. ఏడాదంతా ఆగకుండా నడిచే సర్వర్‌ను ఆ ఒక్కరోజే ఆపుతాం. ఆ రోజు కూడా పొద్దున్నే మార్కులన్నిటికీ నకలు తీసి పెట్టి, డేటాబేస్‌ను పద్ధతిగా ఆపి, గది తాళం అన్నకు అప్పగించాను. అక్కడి నుంచి అది ఆయన రాజ్యం. తుడవడం, బొట్లు పెట్టడం, సర్వర్ ముందు కొత్త తువ్వాల పరిచి తన స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్, టెస్టరు వరసగా పేర్చడం, వాటి మీద బంతిపూలు, సర్వర్ నెత్తిన నిమ్మకాయ. గుమాస్తాలు తమ పెన్నులు తెచ్చి ఆ వరసలోనే పెడతారు. కొబ్బరికాయ కొట్టాక ఇక దేన్నీ ముట్టరు. సెలవుల తర్వాతే మళ్లీ ఆన్ చేయడం ఆనవాయితీ.

మాది చర్చికి పోయే కుటుంబం. హారతి దగ్గర నేను వెనక నిలబడతాను, పులిహోర దగ్గర ముందుంటాను. "మేడం భక్తి అంత పులిహోర మీదనే" అని మా సార్ ఏటా అనే మాట ఆ ఏడూ అన్నాడు. సార్ అంటే మా సెక్షన్ అధికారి. మార్కుల మెమోల మీద సంతకం ఆయనదే. మంచి మనిషే కానీ ఆ రోజు కాలు ఒకచోట నిలవడం లేదు. కుటుంబంతో ఊరికి బయల్దేరాలి. కారు తీసుకుని వస్తున్నాం, కిందికి దిగి ఉండమని ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

తిన్న ప్లేట్లు పారేస్తున్న సమయానికి ఒక అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. భుజాన బ్యాగు, చేతిలో జిప్పు ఫోల్డరు. చదువు అయిపోయినా మాణికేశ్వర్ నగర్లో రూము ఖాళీ చేయకుండా, క్యాంపస్ రీడింగ్ రూములో కూర్చుని పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చాలామంది ఉంటారు. ముఖం చూడగానే అలాంటి పిల్లే అని తెలిసింది.

"మేడం, కన్సాలిడేటెడ్ మెమో కోసం వచ్చిన" అంది. అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకే కాగితం మీద ఉండే మెమో అది. దరఖాస్తు ఎప్పుడో పెట్టుకుంది, అనుమతి కూడా అయింది, ప్రింటు తీయడమే మిగిలింది. గురుకులంలో టీచర్ పోస్టుకు ఎంపికైందట. సర్టిఫికెట్లు రేపు పొద్దున తమ జిల్లాలో చూపించాలి. మెసేజ్ నిన్న వచ్చింది. రేపే ఆఖరు.

"రేపు చూపియ్యకపోతే?" అని అడిగాను.

"నా వెనకున్నోళ్లను పిలుస్తరట మేడం. మా తాన ఒక్క పోస్టే ఉన్నది."

చీకటి పడకముందే ఉప్పల్లో బస్సు పట్టుకోవాలి. ఇదంతా ఆమె గొంతు పెంచకుండా, ఏడవకుండా చెప్పింది. ఏడ్చి ఉంటే నేను విసుక్కునేదాన్నేమో. సార్ వాచీ చూసుకున్నాడు, కిటికీలోంచి బయటకు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు.

"ఒక్క ప్రింటే గద మేడం. మెషిన్ ఆన్ చెయ్యిండ్రి. సంతకం పెట్టేసి పోత."

అన్న నసిగాడు. "పూజ అయిపోయింది గద సార్. మళ్ల ముట్టుడు..."

"స్విచ్ ఒత్తుడు ముట్టుడు కిందికి రాదు లే" అని సార్ తీర్పు చెప్పాడు. అన్న దేవుడి దగ్గర దీపం పెట్టినంత జాగ్రత్తగా, నిమ్మకాయ కదలకుండా, ఒక వేలితో స్విచ్ నొక్కాడు. నేను ఆ అమ్మాయికి ఒక ప్లేట్లో పులిహోర పెట్టించి కూర్చోమన్నాను. ఇంకాసేపట్లో అయిపోతుందని కూడా చెప్పాను.

సర్వర్ లేచింది. డేటాబేస్ లేవలేదు. లేచినట్టే లేచి, మెమరీ చాలడం లేదని ఒక వాక్యం రాసి పడిపోయింది. మళ్లీ లేపాను. అదే వాక్యం, అదే పడటం.

"మెమరీ అయితే నా తాన పెన్‌డ్రైవ్ ఉన్నది, పెట్టరాదు" అన్నాడు సార్. ఆయన నిజంగా సాయం చేద్దామనే జేబులోంచి తీశాడు. మన దగ్గర అన్నిటికీ మెమరీ అనే పేరే మరి. ఫోన్లో ఫొటోలు పట్టకపోతే మెమరీ ఫుల్లే, పిల్లాడికి ఎక్కాలు రాకపోయినా మెమరీ లేకపోవడమే. మార్కులు దాచి ఉంచే చోటు వేరు సార్, ఇది పని నడిచేంతసేపే వాడుకునే చోటు అని చెప్పాను. పెళ్లివాళ్లు ఫంక్షన్ హాలు మొత్తం పొద్దున్నే చేతిలోకి తీసుకున్నట్టు, డేటాబేస్ లేస్తూనే తనకు కావలసిన చోటంతా పట్టుకుంటుంది. అంత చోటు లేదంటే లోపలికే రాదు. ఇప్పుడు లేదంటోంది. నిన్నటిదాకా ఉన్న చోటు ఇవాళ ఎక్కడికి పోయిందో నాకు తెలియాలి.

వేరే ప్రోగ్రాము ఏదైనా దూరి కూర్చుందా అని చూశాను, లేదు. ఎంత చోటు కావాలో రాసి ఉండే సెట్టింగ్ ఎవరైనా మార్చారా అని చూశాను, నేను రాసిన అంకె రాసినట్టే ఉంది. డిస్కు నిండిందా అని కూడా చూశాను. అదీ కాదు. ఇక మిగిలింది మనుషులు.

"అన్నా, పొద్దున మెషిన్ని ఏం చేసినవ్?"

"ఏం చెయ్యలే మేడం."

"ఏదన్న మార్చినవా? ఏదన్న కొత్తది పెట్టినవా?"

"ఒట్టు మేడం. ఏం మార్చలే, ఏం పెట్టలే."

కడిగిన ముఖం, తెల్ల చొక్కా, నుదుట కుంకుమ. అబద్ధం ఆడుతున్న మనిషిలా లేడు. అబద్ధమాడేవాళ్లను పట్టుకోవడం నాకు అలవాటే. నిజం చెబుతున్న మనిషి ముందు నాకు ఏం చేయాలో తోచలేదు.

ఆ అమ్మాయి పులిహోర ప్లేటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ముట్టుకోలేదు. మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. కాసేపట్లో అవుతుందని నోరు జారి చెప్పాను కదా, ఆ కాసేపు దాటిపోయింది.

అప్పుడు చేయదగిన పని ఒకటే కనిపించింది. తక్కువ చోటుతో సర్దుకోమని డేటాబేస్‌కు సెట్టింగ్‌లో అంకె తగ్గించి రాశాను. ఈసారి లేచి నిలబడింది. హాల్ టికెట్ నంబర్ చెప్పమన్నాను. ఆమె చూడకుండా గడగడా చెప్పింది. తెర మీద పేరు వచ్చింది, తండ్రి పేరు వచ్చింది, కింద మార్కులు వరసగా పడుతున్నాయి. ఆమె కుర్చీలోంచి లేచి నా భుజం దాకా వచ్చింది. ప్రింటు నొక్కాను.

తెర అలాగే ఉండిపోయింది. మౌస్ కదలలేదు, ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. లోపల ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. సర్వర్ మొత్తం బిగుసుకుపోయింది.

ఆమె పేరు ఇంకా తెర మీదే ఉంది. కాగితం మీదికి రావడానికి మాత్రం దారి లేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. డేటాబేస్ పని మధ్యలో ఇలా మాటిమాటికీ పడిపోతే లోపల రాసి ఉన్నది చెడిపోవచ్చు. అప్పుడు పోయేది ఒక్కరి మార్కులు కావు. పొద్దున తీసిన నకలు ఉంది, నిజమే. దాన్ని వేరే యంత్రంలో ఎక్కించి నడిపించేసరికి రేపవుతుంది. రేపు అందరికీ సరిపోతుంది, ఈ ఒక్క పిల్లకు తప్ప.

బయట కారు హారన్ వినిపించింది. సార్ కిటికీ దగ్గరకు వెళ్లి చెయ్యి ఊపి వచ్చాడు. "కాకపోతే కాదని చెప్పేద్దాం మేడం. ఉట్టిగ ఆశ పెట్టుడెందుకు" అన్నాడు. మెల్లగానే అన్నాడు కానీ గది చిన్నది. ఆ అమ్మాయి విననట్టు ఫోల్డరు జిప్పు తెరిచి మూసింది.

"మీరు కింద ఉండండి సార్. నేను ఫోన్ చేస్తాను. నేను చెప్పేదాకా కారు కదలొద్దు" అన్నాను. అధికారితో అలా మాట్లాడకూడదు. కోపంలో ఉన్నప్పుడు నాకు ఆ సంగతి ఆలస్యంగా గుర్తొస్తుంది. ఆయన దిగి వెళ్లాడు.

సర్వర్‌ను బలవంతంగా ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఈసారి మొదటి అక్షరం నుంచి తెర చూస్తూ కూర్చున్నాను. యంత్రం లేచేటప్పుడు తన ఒంట్లో ఏమేం ఉన్నాయో తనే చెప్పుకుంటుంది. అది ఎవరం చదవం, ఎప్పుడూ ఉండేదే కదా అని. చదివితే, మెమరీ ఉండవలసిన దాంట్లో సగమే చూపిస్తోంది. డేటాబేస్ అడిగింది న్యాయమే. హాలు సగం నిజంగానే మూసి ఉంది.

అంటే తప్పు డబ్బాది. పందెం గెలిచినట్టు కాస్త సంబరం కలిగింది కూడా, దాచుకోను. కానీ అన్నను మళ్లీ అదే ప్రశ్న అడిగితే మళ్లీ అదే జవాబు వస్తుంది. ఆయన చేతులకేసి చూశాను. గోళ్ల సందున కుంకుమ, పసుపు. ప్రశ్న మార్చాను.

"అన్నా, పూజకు ముంగట ఏమేం సాఫ్ చేసినవ్?"

ఆయన ముఖం విప్పారింది. పొద్దుటి నుంచి ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూసిన ప్రశ్నలా ఉంది. "అంత సాఫ్ చేసిన మేడం. మూత ఇప్పి బ్లోయర్ కొట్టిన. ఫ్యాన్లు తుడిసిన. ర్యాములన్ని తీసి రబ్బరుతోని రుద్ది మళ్ల పెట్టిన. ఎట్ల మెరిసినయనుకున్నరు, తళతళ."

ర్యాములంటే మెమరీ ఉండే పచ్చటి పలకలు. సందులో దిగే అంచు బంగారు రంగులో ఉంటుంది. కంప్యూటర్ మొరాయిస్తే ఆ పలకలు పీకి, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో ఆ అంచును రుద్ది పెట్టడం మన రిపేరు షాపులన్నింటా ఉన్న వైద్యం. పాత కంప్యూటర్లకు చాలాసార్లు పనిచేస్తుంది కూడా. ఏ రోగమూ లేని సర్వర్‌కు ఆయన పండగ స్నానం చేయించాడు.

"మరి నేనడిగితే ఏం చెయ్యలేదన్నవ్?"

"రిపేరు ఏం చెయ్యలే గద మేడం. సాఫే చేసిన" అన్నాడు, నా ప్రశ్నలోని తప్పును నాకు చూపిస్తున్నట్టు.

అరుద్దామని నోరు తెరిచి మూసేశాను. ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, బట్టలు ఆరేసి కూర్చున్నాక, ఇవాళ ఏం చేశావని ఎవరైనా ఫోన్లో అడిగితే నేను చెప్పే జవాబు ఏమిటి? ఏం లేదనే కదా. ఆయన లెక్కలో శుభ్రం చేయడం పని కాదు. నా లెక్కలోనూ కాదు.

"ఒకటో రెండో సరిగ్గ కూసోలే. మూత తీసి మళ్ల పెట్టు" అన్నాను.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "స్క్రూడ్రైవర్ పూజల ఉన్నది మేడం. దశమి దాక ముట్టొద్దు."

"ఆ పిల్ల రేపు పోవాలె అన్నా."

"నాకు తెల్వదా మేడం. నేను ముట్ట." అంతలోనే దారి చూపించాడు. "మీకైతే పట్టింపు లేదు గద. మీది చర్చి. మీరు ఇప్పుండ్రి, నేను పక్కనుండి చెప్త."

మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం రెండు వైపుల నుంచి కాలింది. ముట్టొద్దు అన్న మాటను ఊళ్లో మా తాతలు ఇంకో రకంగా విని విని, వినలేక పట్నం చేరారు. ఆ మాట ఎవరు ఏ అర్థంలో అన్నా నాకు ముందు ఒంట్లో రక్తం వేడెక్కుతుంది, అర్థం తర్వాత తెలుస్తుంది. అదొకటి. రెండోది, నాకు పట్టింపు లేదనడం. ఆ మాటా నిజం కాదు.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఆదివారం చర్చి తప్పని మనిషి. అయినా వర్క్‌షాపులో ఆయుధపూజ నాడు తన స్పానర్లను కూడా వరసలో పెట్టించేవాడు. "ఏడాదంత నా తిట్లు పడ్డయి, ఒక్కరోజు పండుకోనీ" అనేవాడు. ఆ పూట ఇంట్లో కుళాయి కారినా ముట్టేవాడు కాదు. మా అమ్మ చెంబులు మార్చి మార్చి పెట్టుకునేది. ఒక్క ఏడాది మాత్రం ముట్టాడు. పక్క క్వార్టర్లో లోపలి నుంచి గడియ పడి చిన్నపిల్ల ఒక్కతీ గదిలో చిక్కుకుంది. నాన్న కుంకుమబొట్టు ఉన్న స్పానర్‌నే తీసి, కళ్లకద్దుకుని, వెళ్లి తలుపు బందులు ఊడదీశాడు. పూజ నాడు ముట్టినవేంది నాయినా అని అడిగాను. "దాని పేరే పనిముట్టు బిడ్డా. పని ఉంటే ముట్టాలె" అన్నాడు. తర్వాత కడిగి, తుడిచి, మళ్లీ బొట్టు పెట్టి పడుకోబెట్టాడు.

ఆ మాట అన్నతో చెప్పాను. పెద్దగా వివరించలేదు, అంత సమయం లేదు. తువ్వాల మీది స్క్రూడ్రైవర్ తీసి, నాన్న చేసినట్టే కళ్లకద్దుకున్నాను. నిమ్మకాయ తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఒక చేతిలో పులిహోర, ఒక చేతిలో నిమ్మకాయ పట్టుకుని ఆమె నా పక్కన నిలబడింది.

డేటాబేస్‌తో ఇన్నేళ్ల సావాసం ఉన్నా ఆ డబ్బా మూత నేను ఏనాడూ విప్పలేదు. కరెంటు తీసేశాను. మొదటి స్క్రూ తిరగలేదు, జారింది. చెమట చేతులు. "ఎడమకు మేడం" అన్నాడు అన్న వెనక నుంచి. ఎడమకే తిప్పుతున్నానని కసిరాను. మూత వచ్చింది. లోపల చీకటిగా ఉంది.

కాసేపటికి లోపల వెలుతురు పడింది. తిరిగి చూస్తే అన్న ఫోన్ టార్చి పట్టుకుని ఉన్నాడు.

"ఫోను పూజల పెట్టలే" అన్నాడు.

మెమరీ పలకలను ముట్టే ముందు డబ్బా ఇనుమును ఒకసారి తాకాలి. మన ఒంట్లో ఉండే కొద్దిపాటి కరెంటు అందులోకి పోతుంది, లేకపోతే పలకలు చెడతాయి. అరచెయ్యి ఇనుము మీద ఆనించి ఆగాను. మొక్కుతున్నానని అనుకున్నట్టున్నారు, ఇద్దరూ తలలు వంచారు. నేను సరిదిద్దలేదు. ఆ క్షణంలో మొక్కడమూ అబద్ధం కాదు.

రెండు పలకలు ఒక చివర పైకి లేచి, అంటీ అంటనట్టు ఉన్నాయి. ఇందాక సర్వర్ మధ్యలో బిగుసుకుపోయిందీ అందుకే. పీకి చూస్తే ఒక సందులో రబ్బరు పొట్టు. రుద్దింది దులపకుండానే పెట్టేశాడు. నేను ఏమీ అనకముందే అన్న సంచిలోంచి చిన్న బ్రష్ తీసి అందించాడు. అదీ పూజలో లేదన్నమాట. సందు దులిపి మొదటి పలక పెట్టి నొక్కాను, రెండు చివర్లా క్లిప్పులు టక్కుమని పడ్డాయి. రెండోది పడలేదు. ఇంకాస్త నొక్కాలంటే భయం. విరిగితే ఈ సెలవుల్లో ఇంకొకటి ఎక్కడ తేను? ఆ అమ్మాయి ఊపిరి నా చెవి పక్కన వినిపిస్తోంది.

"జరుగుండ్రి మేడం" అన్నాడు అన్న. టార్చి నా చేతికిచ్చి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ముట్టనన్నవ్ గద?"

"చేతులైతే పూజల పెట్టలే గద" అని రెండు బొటనవేళ్లతో నొక్కాడు. టక్కు.

ఆన్ చేశాం. ముగ్గురం తెర ముందు వంగి నిలబడ్డాం. మెమరీ మొత్తం చూపించింది. సెట్టింగ్‌లో పాత అంకె మళ్లీ రాసి డేటాబేస్‌ను లేపాను. లేచింది, కానీ వెంటనే పలకలేదు. మధ్యలో పడిపోయిన డేటాబేస్ మళ్లీ లేచేటప్పుడు, పడేముందు తను ఏం చేస్తున్నదో మొదటి నుంచి చదువుకుని సరిచూసుకుంటుంది. ఆ సేపు దాన్ని తొందరపెట్టకూడదు. తొందరపెట్టినవాళ్లు బాగుపడ్డది నేను చూడలేదు. ఫోన్ మోగుతోంది, సార్. ఎత్తలేదు. చెడిందని చెబుతుందా, బాగుందని చెబుతుందా? చివరికి సిద్ధంగా ఉన్నానని ఒక వాక్యం రాసింది. నాకు ఏడుపొచ్చింది. కళ్లజోడు తుడుచుకున్నట్టు నటించాను.

నంబర్, పేరు, మార్కులు, ప్రింటు. ప్రింటరుకీ కుంకుమబొట్టు ఉంది, దాన్ని ముట్టడానికి ఎవరూ ఎవరినీ అడగలేదు. కాగితం వేడిగా బయటికి వచ్చింది. ఆ అమ్మాయి అందుకోబోతే రెండు చేతులూ ఖాళీ లేవు.

మెమో, ఆఫీసు ముద్ర పట్టుకుని కిందికి పరుగెత్తాం. సార్ కారు పక్కన నిలబడి ఉన్నాడు, లోపల పిల్లలు కొట్టుకుంటున్నారు. బానెట్ మీద మెమో పెట్టి, జేబు తడుముకుని, ఆ అమ్మాయి వైపు చూశాడు. "నీ పెన్ను ఇయ్యమ్మా. నాది పూజల ఉన్నది." ఆమె ఇచ్చింది. సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు. వేసి, తల ఎత్తి నన్ను అడిగాడు.

"ఇంతకు ఏమైంది మేడం? పొద్దుగాల మంచిగనే ఉన్నది గద. ఎవరేం చేసిండ్రు?"

అన్న నా వెనకే ఉన్నాడు. చొక్కా చేతులు ఇంకా మడిచే ఉన్నాయి. చెప్పకుండా సర్వర్ విప్పాడంటే కాంట్రాక్టు మనిషికి ఏమవుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరు ఏం చేశారో కనిపెట్టడం, కనిపెట్టింది ముఖం మీద చెప్పడం, ఇన్నాళ్లూ నా గొప్ప అనుకున్నది అదే.

"ఏం చెయ్యలే సార్" అన్నాను. "దానంతటదే ఆగింది."

సార్ తలూపి కారెక్కాడు. ఆ అమ్మాయి నా ఫోన్ నంబర్ అడిగి తీసుకుని, మెమోను ఫోల్డరులో పెట్టి, జిప్పు మూసి, రెండుసార్లు తడిమి చూసుకుని, ఉప్పల్ పోవడానికి తార్నాక వైపు ఉరికింది. పైకి వెళ్లేసరికి అన్న స్క్రూడ్రైవర్ కడిగి తుడిచి పాత చోటులో పెడుతున్నాడు. కుంకుమ గిన్నె నా వైపు జరిపాడు. "ముట్టింది మీరు గద. మీరే పెట్టుండ్రి" అన్నాడు. పెట్టాను. సర్వర్ నెత్తిన పెడదామని నిమ్మకాయ కోసం వెతికితే ఎక్కడా లేదు. పులిహోర ప్లేటు మాత్రం బల్ల మీద ఖాళీగా ఉంది. ఆ పరుగులో ఎప్పుడు తిన్నదో తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు పెద్దదిగా ఉంది.

"మేడం, అయిపోయింది. మెమో చూసిండ్రు, టిక్కు పెట్టిండ్రు. సెలవులైనంక చేరమన్నరు." తర్వాత భయపడుతున్నట్టు అంది. "గా నిమ్మకాయ నా బ్యాగుల వచ్చింది మేడం. పూజల పెట్టింది గద, ఇప్పుడేం చెయ్యాలె?"

"ఏం చెయ్యకు బిడ్డా" అన్నాను. "నీ తాననే ఉండనియ్యి."